మిర్చి యార్డు గుమస్తా, ఉబ్బసం, అయిదు కిలోమీటర్ల పరుగు: ఒక కేసు మొత్తం

ఈ కేసులో నేను చేసిన తప్పు ఒకటుంది, అసలు దాని కోసమే రాస్తున్నా. పేషెంటుని అడిగి, సరే అన్నాకే రాస్తున్నా, పేరు ఉండదు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చా. నేను గుంటూరులో ఛాతీ డాక్టర్ని. పొద్దున పూట నేనూ కాస్త పరిగెడతా, ఎంత మెల్లగా అంటే పక్కన వాకింగ్ చేసే పెద్దాయనలు నన్ను దాటుకుని పోతుంటారు.

ఆయనకి 36 ఏళ్ళు, మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమస్తా. జనవరి ఆఖరి వారంలో భార్యని తీసుకుని వచ్చాడు, కాదు, ఆవిడే ఆయన్ని తీసుకొచ్చింది. కూర్చోకముందే మొదలెట్టింది, "డాక్టరమ్మగారూ, ఈయనకి మీరైనా చెప్పండి, ఉబ్బసం ఉన్న మనిషి పరిగెత్తడమేంటండీ."

జరిగింది ఇది. అంతకు ముందు నవంబర్లో ఏదో క్యాంపులో రక్తం చూపించుకుంటే షుగర్ బోర్డర్లో ఉందన్నారు, మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్ హెచ్‌బీఏ1సీ 6.2. బరువు 84 కిలోలు, ఎత్తు 170 సెంటీమీటర్లు. వాళ్ళ నాన్నకి షుగర్ ముదిరి కాలి వేళ్ళు రెండు తీసేశారు, ఆ భయం ఈయనకి గట్టిగా ఉంది. దాంతో డిసెంబర్ నుంచి బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియానికి పొద్దున అయిదింటికల్లా వెళ్ళి పరుగు మొదలెట్టాడు, ఎవరూ నేర్పలేదు, ఫోన్లో వీడియోలు చూసి. పరిగెత్తేటప్పుడు బానే ఉండేదట, ఆపేసి బయట టీ బండి దగ్గర నిలబడ్డాక అయిదు పది నిమిషాలకి ఛాతీ పట్టేయడం, దగ్గు, పిల్లికూతలు, ఓ అరగంటకి మళ్ళీ మామూలు. టీ తాగుతున్నప్పుడే వస్తోంది కదా అని ఆయనేం చేశాడంటే టీ మానేశాడు. పరుగు మాత్రం మానలేదు. (నాకు ఈ మనిషి నచ్చింది ఇక్కడే.)

ఇక భోగి రోజు. తెల్లారకముందే వీధిలో మంట వేశారు, పాత పరుపు, విరిగిన ప్లాస్టిక్ కుర్చీ, ఎవరో టైరు కూడా పడేశారు, ఈయన ఆ పొగ దగ్గర ముప్పావుగంట నిలబడి అక్కణ్ణుంచి సరాసరి స్టేడియానికి పోయి పరిగెత్తాడు. గేటు దగ్గర కూలబడితే తోటి వాకర్లు ఆటోలో ఎక్కించి దగ్గర్లో ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రెండు సార్లు నెబ్యులైజేషన్, ఒక ఇంజెక్షన్, సాయంత్రానికి ఇంటికి. చీటీ మీద కింద రాసి ఉంది, పరుగు మానేయాలి, చల్లని పదార్థాలు మానేయాలి. రోజూ వాడాల్సిన ఇన్హేలర్ గురించి ఒక్క ముక్క లేదు. భార్య ఆ చీటీని కోర్టు ఆర్డర్ లాగా మడిచి పర్సులో పెట్టుకుంది.

నేను ఆవిడతో అన్నా, మానాల్సింది పరుగు కాదమ్మా, మందు సరిగ్గా లేకుండా పరిగెత్తడం. ఆయన వైపు తిరిగి, పౌలా రాడ్‌క్లిఫ్ అని ఇంగ్లండ్ ఆవిడ, 14 ఏళ్ళప్పుడు ఆస్తమా అని తేలింది, 2003లో లండన్ మారథాన్ 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరిగెత్తింది, 2019 దాకా ఆ రికార్డు ఏ ఆడమనిషీ దాటలేదు అని చెప్పా. ఆయన ఏమాత్రం కదల్లేదు. "వాళ్ళది వేరే లెండి మేడం, నాకు స్టేడియం చుట్టూ ఆగకుండా తిరిగొస్తే చాలు" అన్నాడు. ఆ తర్వాత ఏ పేషెంటుకీ ఆ ఉదాహరణ చెప్పడం మానేశా.

పాత చరిత్ర అడిగి ఫైల్లో రాసుకున్నా. నాలుగేళ్ళ వయసు నుంచి ఆయాసం. చిన్నప్పుడు మూడేళ్ళు వరసగా మృగశిర కార్తెకి హైదరాబాద్ తీసుకెళ్ళి చేప మందు మింగించారు. 15 ఏళ్ళకి తగ్గిపోయింది. చిన్నప్పటి ఆస్తమా చాలామందిలో ఆ వయసుకి దానంతటదే సద్దుమణుగుతుంది, కానీ ఆ క్రెడిట్ ఇప్పటికీ వాళ్ళింట్లో కొర్రమీను పిల్లదే, నేను వాదించలేదు. 30 ఏళ్ళకి మళ్ళీ తిరగబెట్టింది. సిగరెట్ లేదు. ఉద్యోగం, గుమస్తా, 29వ ఏట చేరాడు. ఈ రెండు లైన్లూ నా చేత్తోనే రాశా, ఒకటి పేజీ పైన, ఒకటి పేజీ కింద. గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తా దీనికి.

ఆరేళ్ళుగా వాడుతున్న మందులేంటి అంటే జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీశాడు. మెడికల్ షాపులో "ఆయాసానికి ఇవ్వండి" అంటే ఇచ్చే పొట్లం, మన వైపు అందరికీ తెలిసిందే, ఒక డెరిఫిల్లిన్, ఒక సెట్రిజిన్, ఒక చిన్న తెల్ల మాత్ర. సీజన్లో వారానికి మూడు నాలుగు పొట్లాలు. ఆస్థాలిన్ ఇన్హేలర్ కూడా ఉంది, రెండు నెలలకొకటి అయిపోతుందట. నేను ఇన్హేలర్‌లో స్టెరాయిడ్ రాస్తున్నా అనగానే ఇద్దరూ ఒకేసారి అబ్బే అన్నారు, అలవాటైపోతుంది, ఎముకలు గుల్లవుతాయి, ఇంక జీవితాంతం వదలదు. అప్పుడు ఆ చిన్న తెల్ల మాత్రని టేబుల్ మీద పెట్టి ఇదేంటో తెలుసా అని అడిగా. బెట్నెసాల్. బీటామెథాసోన్ అర మిల్లీగ్రాము, అంటే 500 మైక్రోగ్రాములు, సరాసరి రక్తంలోకి పోయి ఒళ్ళంతా తిరిగే స్టెరాయిడ్. నేను రాసే ఇన్హేలర్ పఫ్‌లో ఉండేది బుడెసోనైడ్ 200 మైక్రోగ్రాములు, అదీ చాలావరకు ఊపిరితిత్తుల దగ్గరే పని చేసేది. స్టెరాయిడ్ వద్దు వద్దంటూ ఆరేళ్ళు పెద్ద స్టెరాయిడే మింగాడు పాపం, షుగర్ బోర్డర్‌కి రావడంలో దానికీ ఎంతో కొంత భాగం ఉండే ఉంటుంది. భార్య ఆ మాత్రని చాలాసేపు చూసింది. ఆ తర్వాత ఇన్హేలర్ మీద వాదన రాలేదు.

ఆస్థాలిన్ లెక్క కూడా చెప్పాలి. ఒక డబ్బాలో 200 పఫ్‌లు. ఏడాదికి మూడు డబ్బాలు దాటుతున్నాయంటేనే ఆస్తమా అదుపులో లేదని, పెద్ద అటాక్ వచ్చే రిస్క్ పెరుగుతోందని అర్థం, ఈయన ఆరు వాడుతున్నాడు. ఒక్క సాల్బుటమాల్ (ఆస్థాలిన్‌లో ఉండే మందు) మీదే బండి నడపడం వద్దని ప్రపంచమంతా ఆస్తమా డాక్టర్లు చూసే గినా గైడ్‌లైన్స్ 2019 నుంచీ చెప్తూనే ఉన్నాయి. అది ఊపిరి గొట్టం చుట్టూ బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది అంతే, లోపలి వాపు అలాగే ఉంటుంది.

టెస్టులు త్వరగా చెప్పేస్తా. ఎక్స్‌రే క్లియర్, మన దగ్గర టీబీ లేదని చూసుకోకుండా దగ్గు కేసు ముందుకి తీసుకెళ్ళకూడదు. ఈసీజీ నార్మల్. ఈసినోఫిల్స్, అంటే ఎలర్జీలో పెరిగే తెల్ల రక్తకణాలు, 620, ఎక్కువే. ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ ఎలర్జీ టెస్ట్ నెగటివ్. స్పైరోమెట్రీలో ఎఫ్‌ఈవీ1, అంటే మొదటి సెకనులో ఊదగలిగే గాలి, 2.31 లీటర్లు, ఉండాల్సిన దాంట్లో 68 శాతం. నాలుగు పఫ్‌ల సాల్బుటమాల్ ఇచ్చి పావుగంట ఆగి ఊదిస్తే 2.73. 420 మిల్లీలీటర్లు, 18 శాతం పెరిగింది. 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటితే చాలు ఆస్తమా అనడానికి, కాబట్టి అందులో డౌట్ లేదు. పరిగెత్తించి చేసే టెస్ట్ ఆ రోజు చేయలేదు, ఊపిరి అంత తక్కువ ఉన్న మనిషిని పరిగెత్తించకూడదు, ముందు దారికి తెచ్చుకోవాలి.

పరుగు ఆపాకే ఎందుకొస్తుంది అని ఆయన అడిగాడు, మంచి ప్రశ్న. ఊరికే కూర్చున్నప్పుడు మనం నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలుస్తాం, పరిగెత్తేటప్పుడు అరవై, ఎనభై, ఇంకా పైన, అదీ నోటితో. ముక్కు అంత గాలిని వెచ్చబెట్టి తడిపి పంపలేదు. ఊపిరితిత్తుల్లోకి చేరేసరికి గాలి 37 డిగ్రీలకి వచ్చి లీటరుకి 44 మిల్లీగ్రాముల నీటి ఆవిరి పట్టుకుని ఉండాలి. గుంటూరులో జనవరి తెల్లవారుజామున 18 డిగ్రీల గాలిలో, ఎంత మంచు పట్టినా, 15 దాకా ఉంటుంది. మిగతాది గొట్టాల లోపలి పొర ఇచ్చుకోవాలి. ఆ పొర ఎండి, దాని మీది తేమ ఉప్పగా చిక్కబడితే అక్కడి మాస్ట్ సెల్స్ అనే ఎలర్జీ కణాలు రెచ్చిపోయి హిస్టమిన్, ల్యూకోట్రైన్లు అనే రసాయనాలు వదులుతాయి, కండరం బిగుస్తుంది. పరిగెత్తుతున్నంతసేపూ శరీరం గొట్టాల్ని తెరిచే ఉంచుతుంది, ఆపగానే పట్టు బిగుస్తుంది, అయిదు నుంచి పది నిమిషాల మధ్య బాగా ముదిరి అరగంట, గంటలో వదులుతుంది. అంటే పాపం టీ కరెక్ట్ టైమ్‌కి అక్కడ ఉంది అంతే. పరిగెత్తుతుండగానే గొంతు దగ్గర పట్టేసి, ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కూత వచ్చి, ఆగగానే రెండు మూడు నిమిషాల్లో పోయేది వేరే జబ్బు, అది స్వరపేటికది, దానికి ఇన్హేలర్ పని చెయ్యదు. ఈయనది అది కాదు.

ఇన్హేలర్ ఎలా వాడతావో చూపించు అన్నా. మూత తీశాడు, ఊపలేదు, నోటికి నాలుగు వేళ్ళ దూరంలో పట్టుకుని టక్‌మని నొక్కి ఆ తర్వాత ముక్కుతో గట్టిగా పీల్చాడు. మందు మొత్తం తెల్లటి పొగలా పెదాల పక్క నుంచి నా టేబుల్ మీదకి వచ్చింది. ఆరేళ్ళు ఇలాగే. అందుకే రెండు నెలలకి డబ్బా ఖాళీ. జీరోస్టాట్ స్పేసర్, అంటే ఇన్హేలర్‌కీ నోటికీ మధ్య పెట్టే ప్లాస్టిక్ గొట్టం, ఇచ్చి నేర్పా. ఊపు, స్పేసర్‌కి తగిలించు, ముందు ఊపిరి మొత్తం బయటికి వదులు, ఒక్కసారి నొక్కు, పాయసం వాసన చూసినట్టు మెల్లగా నోటితో లాగు, పది అంకెలు లెక్కపెట్టే దాకా బిగపట్టు. రెండో పఫ్‌కి అర నిమిషం ఆగు. అయ్యాక నీళ్ళు పుక్కిలించి ఊసేయి, లేకపోతే నోట్లో తెల్ల పూత, గొంతు బొంగురు. స్పేసర్‌ని వారానికోసారి సబ్బు నీళ్ళలో ముంచి గాలికి ఆరబెట్టు, గుడ్డతో తుడవకు, తుడిస్తే గోడలకి కరెంటు పుట్టి మందు దానికే అంటుకుంటుంది.

మందు ఫోరాకార్ట్ 200, అంటే బుడెసోనైడ్ 200, ఫార్మోటెరాల్ 6. పొద్దున ఒక పఫ్, రాత్రి ఒక పఫ్, ఆయాసం అనిపిస్తే అదే ఒక పఫ్, పరుగుకి పది నిమిషాల ముందు ఒక పఫ్. ఒకే డబ్బా, తికమక లేదు. (చదివి ఎవరూ సొంతంగా మొదలెట్టకండి, ఇది ఈయన ఊపిరితిత్తులకి రాసిన డోసు.) పీక్ ఫ్లో మీటర్ ఒకటి కొనిపించా, ఎంత జోరుగా ఊదగలరో కొలిచే చిన్న పరికరం, అంకె ఎక్కువుంటే మంచిది, పొద్దున లేవగానే, సాయంత్రం పని నుంచి రాగానే, పడుకోబోయే ముందు, మూడేసి సార్లు ఊది ఎక్కువ వచ్చింది రాసుకోమన్నా. ఆ రోజు క్లినిక్‌లో 310 వచ్చింది.

ఇప్పుడు నా సలహా. మూడు వారాలు నడక మాత్రమే, తర్వాత పరుగు, పొద్దున అయిదింటికి మాత్రం వద్దు, సాయంత్రం ఆరింటికి పెట్టుకో అన్నా. పుస్తకం ప్రకారం తప్పేమీ లేదు. ఆస్తమా ఉన్నవాళ్ళకి ఊపిరి తెల్లవారుజామునే బాగా తగ్గి ఉంటుంది, చలికాలం పొద్దున పొగ నేలబారుగా ఉంటుంది, దానికి తోడు అదే టైమ్‌కి రోడ్లు ఊడ్చి చెత్త తగలబెడతారు. సాయంత్రం బెటర్. వందమందికి చెప్పుంటా ఈ మాట.

మార్చి మొదట్లో వచ్చాడు. రాత్రి దగ్గు పోయింది, పొట్లాలు మానేశాడు, పొద్దుటి పీక్ ఫ్లో 410. నేను ఖుషీ. ఆయన మాత్రం ఖుషీగా లేడు. పరుగు కుదరట్లేదు మేడం, ముందు పఫ్ కొట్టుకున్నా మూడో నిమిషానికే పట్టేస్తోంది, ఇంతకుముందు ఆపాక వచ్చేది ఇప్పుడు పరిగెడుతుండగానే వస్తోంది. భార్య నా వైపు చూసిన చూపు, ఇక చెప్పక్కర్లేదు. నేను చేసిందేంటంటే ఇన్హేలర్ టెక్నిక్ మళ్ళీ చూశా, బాగానే ఉంది, డోసు రెండింతలు చేశా, పూటకి రెండేసి పఫ్‌లు. రాసుకొచ్చిన నోట్‌బుక్‌లో పొద్దుటి కాలమ్ మాత్రమే చూసి మూసేశా, బయట నలభై మంది ఉన్నారు, ఎప్పుడూ ఉంటారు, అదొక సాకు.

ఏప్రిల్ రెండో వారంలో వాళ్ళమ్మాయి కూడా వచ్చింది, ఏడో తరగతి. నాన్న రాసిన అంకెలన్నీ తీసుకుని గ్రాఫ్ పేపర్ మీద స్కెచ్ పెన్నులతో గీసింది, స్కూల్లో అప్పుడే నేర్పారట. పొద్దున నీలం, సాయంత్రం ఎరుపు. "డాక్టర్ ఆంటీ, నాన్నకి సండే సండే బాగుంటుంది" అంది. చూశా. వారం మొత్తం ఎర్ర గీత నీలం గీత కింద, 350, 360, 345. ఆదివారం వచ్చేసరికి ఎర్ర గీత పైకి లేచి 450. ఉగాదికీ అంతే. మళ్ళీ సోమవారం కిందకి.

మామూలు ఆస్తమాలో పొద్దున తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉంటుంది. ఈయనకి పని రోజుల్లో తిరగబడింది. ఫైలు మొదటి పేజీ తీశా. 29వ ఏట యార్డులో చేరాడు. 30వ ఏట ఆయాసం తిరగబెట్టింది. నా చేతిరాతే.

యార్డు చూడని వాళ్ళ కోసం కొంచెం చెప్తా. జనవరి నుంచి ఏప్రిల్ దాకా కొత్త కాయ వస్తుంది, లారీలకి లారీలు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతాయి, తేజా, 334 అని రకాలు, తాలు కాయ వేరే. టిక్కీ కోసి గుప్పెడు కాయ తీసి శాంపిల్ చూస్తారు, వేలం, కాటా, మళ్ళీ లోడింగ్. ప్రతి చోటా దుమ్ము లేస్తుంది, ఎర్రటి ఘాటు దుమ్ము, కొత్తవాడు లోపలికి అడుగు పెడితే రెండు నిమిషాల్లో కళ్ళూ ముక్కూ కారిపోతాయి. మిర్చికి ఘాటు తెచ్చే కాప్సైసిన్ గొంతులో, గొట్టాల్లో ఉండే నరాల్ని నేరుగా గిల్లుతుంది, ఆస్తమా లేనివాడికి దగ్గొస్తుంది, ఉన్నవాడికి అసలే వాచిన గొట్టాలు ఇంకా బిగుస్తాయి. తడిసిన కాయ అయితే బూజు కూడా. ఈయన పని టిక్కీల మధ్యే, పొద్దున ఎనిమిది నుంచి కాటా దగ్గర నిలబడి లెక్క రాయడం.

అక్కడ దగ్గొస్తుందా అని అడిగితే ఆశ్చర్యంగా చూశాడు. "యార్డులో దగ్గనోడు ఎవడండీ మేడం? అందరూ దగ్గుతారు." అందుకే మూడు విజిట్లలో ఒక్కసారి కూడా ఆ మాట చెప్పలేదు, చెప్పాల్సిన విషయం అని ఆయనకి తోచలేదు. అడగాల్సింది నేను. గుంటూరులో ఛాతీ డాక్టర్ని అయ్యుండి గుమస్తా అనగానే కుర్చీ, బల్ల, లెడ్జరు ఊహించుకున్నా.

పైగా సాయంత్రం పరిగెత్తమన్నా. అంటే రోజంతా మిర్చి దుమ్ము పీల్చి ఊపిరి 350కి దిగిన టైమ్‌కి కరెక్టుగా ఆ మనిషిని పరుగుకి పంపింది నేనే. పుస్తకం చెప్పిన మంచి టైమ్ ఈయనకి రోజులో అన్నిటికంటే చెడ్డ టైమ్. ఆయనకి ఆ మాటే చెప్పా, తప్పు నాది అని. "పర్లేదు లెండి" అన్నాడు. అమ్మాయి మాత్రం నవ్వింది.

అప్పటికి చలి పోయింది కాబట్టి పరుగు పొద్దున ఆరున్నరకి మార్చాం. వారంలోనే తేడా. ఇంకో అదృష్టం, మేలో ఎండలకి యార్డుకి దాదాపు నెల రోజులు సెలవులు. ఇంతకంటే మంచి టెస్టు నేను డబ్బు పెట్టినా చేయించలేను. రెండో వారానికల్లా పీక్ ఫ్లో పొద్దున 480, సాయంత్రం 500, ఒక రోజు 510. స్పైరోమెట్రీ 3.02 లీటర్లు, 89 శాతం. డోసు మళ్ళీ ఒక్కొక్క పఫ్‌కి దించా. చిన్నప్పటి నుంచీ ఆస్తమా ఉంది కాబట్టి దీన్ని యార్డు వల్ల పుట్టిన ఆస్తమా అనను, యార్డు వల్ల ముదిరిన ఆస్తమా అంటా. ఈ తేడా ఎందుకంటే మొదటిది అయితే ఆ దుమ్ము వైపే వెళ్ళకూడదు, ఉద్యోగం వదిలేయమని చెప్పాల్సొస్తుంది. రెండోది అయితే దుమ్ము తగ్గించి, మందు సరిచేసి నెట్టుకురావచ్చు.

ఆ సెలవుల్లోనే స్టేడియంలో పరుగు టెస్ట్ పెట్టా. ఆ రోజు పఫ్ లేకుండా, నేను పక్కనే నెబ్యులైజర్ కారులో పెట్టుకుని. ముందు 490. ఆరు నిమిషాలు గట్టిగా పరిగెత్తించా. ఆపాక అయిదు నిమిషాలకి 420, పది నిమిషాలకి 400, అరగంటకి 470. 18 శాతం పడింది. అంటే మిర్చి లేకపోయినా పరుగుకి బిగుసుకునే గుణం ఉంది. రెండు రోజులాగి ముందు ఒక పఫ్ ఇచ్చి అదే టెస్ట్, అన్నిటికంటే తక్కువ వచ్చింది 465. ఆ కాగితం భార్యకి చూపించా. ఆవిడ ఏమీ అనలేదు, కానీ పర్సులోంచి పాత చీటీ తీసి నా డస్ట్‌బిన్‌లో వేసింది.

పరుగు ప్లాన్ పెద్ద సైన్సేమీ కాదు, కానీ వార్మప్ విషయంలో మాత్రం నేను పట్టుబడతా. పఫ్ కొట్టుకుని పది నిమిషాలు నడక, తర్వాత ఇరవై ముప్ఫై సెకన్ల చొప్పున నాలుగైదు చిన్న ఉరుకులు, మధ్యలో ఒకటిన్నర నిమిషం నడక. ఆ చిన్న ఉరుకులతో గొట్టాలు ఒకసారి కొంచెం బిగిసి వదిలేస్తే చాలామందిలో తర్వాత గంటా రెండు గంటల పాటు మళ్ళీ అంత తేలిగ్గా బిగుసుకోవు, దాన్ని మనం వాడుకుంటాం. తర్వాత ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాలు నడక, ఎనిమిది సార్లు. వారానికి మూడు రోజులే. స్పీడ్ ఎంతంటే పక్కవాడికి నిన్న రాత్రి ఏం కూర తిన్నావో పూర్తి వాక్యంలో చెప్పగలగాలి, ముక్కలు ముక్కలుగా వస్తే స్పీడ్ ఎక్కువ. రెండేసి వారాలకి పరుగు నిమిషం పెంచుతూ పోయాం. ఆపేటప్పుడు ఒక్కసారిగా ఆగి నిలబడకుండా పది నిమిషాలు నడిచి ఆగాలి.

బయల్దేరే ముందు మీటర్ ఊదాలి, ఆయన బెస్ట్ 510 కాబట్టి 410 పైన ఉంటే పరుగు, 310 నుంచి 410 మధ్య అయితే నడక మాత్రమే, 310 కింద అయితే చెప్పులే వేసుకోవద్దు, పఫ్ తీసుకుని నాకు ఫోన్. ఈ అంకెల్ని అమ్మాయి ఫ్రిజ్ మీద అంటించింది, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు. ఇన్హేలర్ జేబులో లేకుండా పరుగు లేదు. మేలో మాత్రం పొద్దున ఆరింటికే, సాయంత్రం ఎండ తగ్గినా నేల వేడి తగ్గదు.

జూన్‌లో యార్డు తెరిచారు, నాలుగు రోజుల్లో సాయంత్రం రీడింగ్ 390. ఉద్యోగం వదిలే పరిస్థితి లేదు, ఇద్దరు పిల్లలు, ఇంటి అద్దె. నేను లెటర్ ఒకటి రాసిచ్చా, షావుకారు మంచాయన, ఏడేళ్ళుగా నమ్మకంగా ఉన్న మనిషి అని ఫోన్ చేసి మాట్లాడాడు కూడా. కాటా దగ్గర్నుంచి తీసి లోపల గదిలో బిల్లులు, కోల్డ్ స్టోరేజీ లెక్కలకి మార్చాడు. శాంపిల్ చూడ్డానికి బయటికి వెళ్ళాల్సొస్తే ఎన్ 95 మాస్క్. అంతకు ముందు మూతికి తువ్వాలు కట్టుకునేవాడు, తువ్వాలు చెమట తుడుచుకోవడానికి పనికొస్తుంది, మిర్చి దుమ్ముకి కాదు. మాస్క్ పెట్టుకుంటే తోటివాళ్ళు "ఏందిరా పెళ్ళికొడుకా" అని ఏడిపించారట ఓ వారం. ఇంటికెళ్ళగానే స్నానం, ఆ చొక్కా విడిగా బకెట్లో, ఆ చొక్కాతో మంచం ఎక్కడం బంద్. జూలై ఆఖరికి సాయంత్రం 440 దగ్గర నిలబడింది.

మధ్యలో ఒక దెబ్బ తగిలింది. ఆగస్టులో వానలకి అమ్మాయికి జలుబు, ఇంటిల్లిపాదికీ అంటింది, ఈయనకి మూడో రోజు 290. ఫోన్ చేశాడు, దాచలేదు, అదే పెద్ద మార్పు నా లెక్కలో. ప్రెడ్నిసొలోన్ మాత్రలు అయిదు రోజులు రాసిచ్చా, మెడికల్ షాపు పొట్లం కాదు, లెక్కతో, తేదీతో. పరుగు రెండు వారాలు ఆపాం. జలుబు తగ్గగానే పరిగెత్తాలని తొందరపడతారు అందరూ, వైరస్ పోయినా గొట్టాలు కొన్ని వారాలు రెచ్చిపోయే ఉంటాయి. మళ్ళీ ఒక నిమిషం జాగింగ్ దగ్గర్నుంచి మొదలు, ఆయనకి చాలా చిరాకేసింది, నాతో నాలుగు రోజులు పొడిపొడిగా మాట్లాడాడు.

నవంబర్ మూడో ఆదివారం స్టేడియంలో ఆగకుండా అయిదు కిలోమీటర్లు, 38 నిమిషాలు. పోటీ కాదు, మెడల్ లేదు, నేనూ పక్కనే ఉన్నా, చివరి రెండు రౌండ్లు నన్ను వదిలేసి ముందుకి పోయాడు. ఆపాక పది నిమిషాలకి ఊదిస్తే 470. తర్వాత టీ తాగాం, ఆయన ఏడాది తర్వాత తాగుతున్నాడట ఆ బండి దగ్గర.

ఇప్పటి లెక్కలు. బరువు 78. హెచ్‌బీఏ1సీ 5.7. ఎఫ్‌ఈవీ1 2.94. జూన్ నుంచి ఆస్థాలిన్ ఒక్క డబ్బా కూడా కొనలేదు, బెట్నెసాల్ జనవరి నుంచి లేదు. షుగర్ తగ్గింది పరుగుకా, బరువుకా, ఆ మాత్ర మానేసినందుకా అంటే విడదీసి చెప్పలేను, మూడూ కలిసే ఉంటాయి. పరుగు ఆస్తమాని పోగొట్టింది అని కూడా అనను, ఇన్హేలర్ ఆపితే నెల తిరక్కుండా మళ్ళీ మొదటికే వస్తాడు. నవంబర్లో బాగుందంటే యార్డులో సరుకు పల్చగా ఉండే రోజులు కూడా కదా, ఆ అనుమానం నాకుంది.

కొత్త కాయ జనవరిలో దిగుతుంది. మొన్న ఫోన్ చేసి అడిగాడు, ఈసారి భోగి రోజు పరుగు ఎప్పుడు పెట్టుకోమంటారు అని. మంటలు ఆరి, వీధిలో పొగ పోయాక, ముందు మీటర్ ఊది చూసుకుని అన్నా. అమ్మాయి కొత్త గ్రాఫ్ పుస్తకం కొనిపించుకుందట. మార్చిలో, యార్డు నిండా టిక్కీలు ఉన్నప్పుడు, ఒక పని రోజు సాయంత్రం ఏడింటికి రమ్మన్నా, స్నానం చెయ్యకుండా, ఆ చొక్కాతోనే, మళ్ళీ ఊదించి చూడాలి.